జెముడుకు నీళ్ళేంటికి

ఆ వేసవి మొదట్లో ఒక సాయంత్రం మా బావ జయరామప్ప బోరు స్టార్టరు పెట్టెకు తాళం వేసి, తాళంచెవి మొలతాడుకు కట్టుకున్నాడు. ఇంట్లో ఎవరికీ ఒక్క మాట చెప్పలేదు. నేను డైరీలో పాలు పోసి వచ్చి, జెముడు తోటకు నీళ్ళు వదులుదామని పోతే పెట్టెకు పిడికిలంత తాళం వేలాడుతోంది. దొంగల భయంతో వేశాడేమో అనుకున్నాను. అంతలో తారురోడ్డు మీదినుంచి ఒక నీళ్ళ ట్యాంకరు మా బాటలోకి తిరిగింది. దాని వెనకే ఇంకొకటి. దొంగెవరో అప్పుడు తెలిసింది.

మాది దేవనహళ్ళి దాటినాక, విమానాలు కడుపులు చూపిస్తూ పోయే ఊరు. ఇంట్లో తెలుగు, గడప దాటితే కన్నడం. మా అత్త అత్తగారి కాలంనుంచీ అంతే. ఒకప్పుడు ద్రాక్షపందిళ్ళు ఉన్నచోట ఇప్పుడు లేఅవుట్ల హద్దురాళ్ళు మొలిచాయి. ఇంట్లో పెత్తనం బావది. ఆయన తమ్ముడు కదిరప్ప నా భర్త. బొమ్మసంద్రలో ఫ్యాక్టరీ పని, అక్కడే గదిలో ఉండి ఆదివారాలు వచ్చిపోయేవాడు. నాలుగు ఆవుల్ని చూసుకునేది నేనూ, మా అత్త మునివెంకటమ్మా. ఇల్లు గడిచేది ఆ పాలమీదే. ఆ సంగతి మాత్రం పెత్తనం చేసేవాళ్ళకు గుర్తుండదు.

జెముడంటే కంచెల మీద ముళ్ళతో ఉండే నాగజెముడు కాదు. మా వైపు పాపాసుకళ్ళి అంటారే, దానిలోనే ముళ్ళు లేని రకం, పశువుల మేతకోసం పెంచేది. మా అత్తకు పుట్టింటివాళ్ళు పసుపుకుంకుమల కింద ఇచ్చిన దిన్నె ఒకటి ఇంటికి ఎగువన ఉంది. ఉలవలు చల్లినా సరిగా మొలవని గులకనేల. పచ్చగడ్డి పెంచుదామంటే బోరు నీళ్ళన్నీ అదొక్కటే తాగేది. అప్పుడు సర్కారు పశుగ్రాసం ఫారంనుంచి నేను ఆటోలో జెముడు మట్టలు తెచ్చాను. కోసిన గాటు ఎండేదాకా నీడన ఆరబెట్టి, మట్టి ఎగదోసిన సాళ్ళలో సగం దిగేట్టు నాటాం. ఊరంతా నవ్వింది. పద్మావతి ఆవులకు ముళ్ళు మేపుతుందంట అని నా పేరు రచ్చబండ దాకా పోయింది. రెండో ఏడు ఆ మట్టల్ని ముక్కలుగా తరిగి రాగిగడ్డితో కలిపి పెడితే ఆవులు తొట్టి అడుగు కూడా నాకాయి. నవ్వినవాళ్ళే మట్టలు అడగడానికి వచ్చారు.

దానికి కావలసింది కొంచెమే. ఎండాకాలంలో వారానికొకసారి, పొద్దువాలినాక, డ్రిప్పు పైపుల్లో మొదళ్ళు తడిసేంత నీళ్ళు. కోత కోసినాక సాళ్ళ మధ్య గాడి తీసి, ఎరువు పోసి, మట్టి కప్పడం. నీళ్ళు లేకపోయినా జెముడు చావదు, నిజమే. చావకుండా ఉండటం వేరు, నాలుగు ఆవులకు మేత కావడం వేరు. ఈ తేడా చెప్పీ చెప్పీ ఆ వేసవిలో నా గొంతు పోయింది.

"బావా, తాళం ఏంటికి వేసినావు?" అని అడిగాను, ట్యాంకర్లు పోయినాక.

"ట్యాంకరోళ్ళతో మాట్లాడుకున్నా. బెంగళూరంతా నీళ్ళు లేక అల్లాడతా ఉండాది, పేపర్లో చూడలేదా? పుణ్యమూ పురుషార్థమూ."

"మరి తోట?"

"ఏం తోట?"

"జెముడు బావా."

ఆయన నవ్వాడు. కోప్పడి ఉంటే నాకంత మండేది కాదు. "అది కళ్ళి అమ్మా. ఎడారిలో పుట్టిన చెట్టు. దానికి నీళ్ళేంటికి?"

"వారానికొక సాయంత్రం చాలు. తక్కిన దినాలన్నీ నువ్వే అమ్ముకో."

"సుమ్మనె, ఊరికే ఉండమ్మా. ఆ సాయంత్రం ఒక ట్యాంకరు నిండుతాది."

అత్త వసారాలో రాగులు చెరుగుతూ ఉంది. ఏమైనా అంటుందేమోనని చూశాను. చేట ఆగలేదు, తల ఎత్తలేదు. పెద్దకొడుకు మాటకు ఎదురు చెప్పడం ఆమె ఎరగదు.

ఆదివారం నా భర్త వచ్చాడు. అన్నం పెట్టి అంతా చెప్పాను. వేళ్ళతో ముద్ద తిప్పుతూ కూర్చున్నాడు.

"అన్న పెద్దోడు. ఆయన మాట కాదంటే ఎట్ల పద్మా?"

"నీకు బొమ్మసంద్రలో క్యాంటీను ఉండాది. నా ఆవులకు యాడుండాది?"

సాయంత్రం బస్సుకే వెళ్ళిపోయాడు.

ఇక నాకు మిగిలింది బిందెలు. అంట్లు తోమిన నీళ్ళు, బియ్యం కడిగిన నీళ్ళు, కొట్టం కడిగిన నీళ్ళు గోలెంలో పట్టి దిన్నెకు మోశాను. మూడో రోజో నాలుగో రోజో వెనకాల చప్పుడైతే తిరిగి చూశాను. అత్త చంకన బిందె పెట్టుకుని ఎక్కుతోంది. మోకాళ్ళ నొప్పి మనిషి. "నీకెందుకత్తా?" అంటే, "పారబోసే నీళ్ళే కదా" అంది, అంతే. కానీ ఎన్ని బిందెలు మోస్తే తోటంతా తడుస్తుంది? ఒక సాలు తడిపేసరికి రెండో సాలు వడిలేది. బొద్దుగా ఉండే మట్టలు పలచబడి ముడతలు పడ్డాయి. కొత్త మట్ట ఒక్కటీ వెయ్యలేదు. కోద్దామంటే చెయ్యి రాదు, కొయ్యకపోతే ఆవులకు లేదు. ఎర్రావు పాలు సగానికి పడిపోయాయి. డైరీలో పాలు పోయించుకునే ఆయన కేను తొంగిచూసి, "ఏమక్కా, ఇంతేనా?" అనేవాడు. నేను తల వంచుకునేదాన్ని. ఎవరో చేసిన పనికి నేను తల వంచుకోవడమేమిటని దారంతా మండేది.

అట్లా పోతుండగా ఒకరోజు పొద్దున డైరీనుంచి వచ్చేసరికి కొట్టం వెనక ఎరువుదిబ్బ లేదు.

దసరానుంచి పోగేసిన దిబ్బ అది. పేడ, ఆవులు వదిలేసిన గడ్డి, బూడిద, పొరలు పొరలుగా వేసి, తిరగేసి, నల్లటి మట్టిలాగా చేసుకున్నాను. జెముడుకు కోత అయినాక వెయ్యాల్సింది. ఇప్పుడక్కడ తడి నేల, ట్రాక్టరు చక్రాల గుర్తులు. బావ భార్య, నా తోడికోడలు, కొట్టం వాకిట్లో నిలబడి నా మొహం చూడకుండా, "మీ బావ ఎవరికో ఇచ్చేసినాడు" అంది.

చేతిలో పాలకేను అట్లాగే పెట్టుకుని చక్రాల గుర్తుల వెంట నడిచాను. దారిపొడుగునా నా ఎరువు రాలి ఉంది. రోడ్డు దాటి, కొత్తగా కట్టిన లేఅవుటు కమాను దగ్గర ఆగాయి గుర్తులు. కమాను కింద లోపలికి పోయేవాళ్ళకు కనబడేట్టు ఒక తోట వేస్తున్నారు. తెల్లటి గులకరాళ్ళు పరిచి, మధ్యలో గుండ్రటివీ నిలువుటివీ రకరకాల జెముళ్ళు నాటారు, కొన్ని మనిషి ఎత్తున్నాయి. ఒక పక్క నా ఎరువు కుప్పపోసి ఉంది. ఇంకో పక్క ఒకామె పైపుతో జెముళ్ళను తలలమీదనుంచి కడుగుతోంది. నీళ్ళు గులకరాళ్ళ మీదినుంచి పొంగి రోడ్డు మీదికి పారుతున్నాయి.

టోపీ పెట్టుకున్న ఒకాయన ఎదురొచ్చాడు. తోట పని చూసే సూపర్‌వైజరు, పేరు క్రిస్టోఫర్ అని చొక్కాకు రాసి ఉంది. నేను కన్నడంలో మొదలుపెడితే, "తెలుగేనండి, ఒంగోలు సైడు మాది" అన్నాడు మర్యాదగా.

"ఈ ఎరువు ఎవరిచ్చినారు?"

"జయరామప్ప గారండి. మీరు?"

"వాళ్ళింటి కోడల్ని. ఎరువు నాది."

ఆయన టోపీ తీసి చేతిలో పట్టుకున్నాడు. "మాకా డీటెయిల్స్ తెలీవు మేడమ్. ఆయన ఓకే అన్నారు, తెప్పించుకున్నాం. సండే లాంచ్ ఉంది. ఎంట్రన్స్‌లో డెజర్ట్ గార్డెన్ కాన్సెప్టండి."

"అంటే?"

"అంటే, ఎడారి లాగా అన్నమాట. తక్కువ నీళ్ళతో..." అని ఆగిపోయి, తనే ఆ పైపు వైపు చూశాడు.

"ఈ నీళ్ళు?"

"ట్యాంకరండి. అదీ మీవాళ్ళ బోరుదే అనుకుంటా. డైలీ రెండుపూటలా పెట్టమన్నారు. డస్ట్ లేకుండా ఫ్రెష్‌గా కనబడాలంట."

చాలా మొక్కల మొదళ్ళు పసుపెక్కి మెత్తబడి ఉన్నాయి. ఒకటి ఒరిగిపోయి ఉంది. నేను అటే చూడటం చూసి, "తెలుసండీ, కుళ్ళిపోతున్నాయి" అన్నాడు. "చెప్పాను. పోయినవి పోయినట్టు మార్చెయ్యమన్నారు. నర్సరీనుంచి మళ్ళీ వస్తాయి."

బెంగళూరు దాహంతో చస్తోందని చెప్పి మా పుణ్యాత్ముడు తాళం వేసింది ఇందుకు. దిన్నెమీద నా జెముడు నీటిచుక్క లేక ముడుచుకుంటోంది, ఇక్కడ జెముడు నీళ్ళెక్కువై కుళ్ళుతోంది. రెండింటికీ బోరు ఒక్కటే.

క్రిస్టోఫర్ గొంతు తగ్గించాడు. "మేడమ్, ఇంకా మట్టిలో కలపని ఎరువు అదుగో, ఆ మూల ఉంది. మీరు బండి తెచ్చుకుని తీసుకెళ్ళండి. నేను చూడలేదనుకుంటాను."

మంచిమనిషే. మంచిమాటే అన్నాడు. కానీ అది విన్నాకే నాకు కన్నీళ్ళొచ్చాయి. "నా ఎరువును నేను దొంగమాదిరి తీసుకుపోవాల్నా?" అన్నాను. ఖాళీ కేనుతో తిరిగొచ్చాను.

బావ రాగిముద్ద తింటున్నాడు. గడపలో నిలబడే అంతా అడిగాను. గొంతు పెద్దదైంది, అయితే కానీ అనుకున్నాను. ఆయన నెమ్మదిగా చారు పోసుకున్నాడు.

"ఇంత పెంటకుప్పకు ఇంత రాద్ధాంతమా? ఆవులు మళ్ళీ వెయ్యవా పేడ?"

"తినడానికుంటే కదా వేసేది!"

అప్పుడు అత్త, ఆ వేసవిలో మొదటిసారి, పెద్దకొడుకును ఒక మాట అడిగింది. "ఆ నీళ్ళు తాగేదానికి కాదారా? కళ్ళిచెట్లకు పోస్తా ఉండారా?"

"వాళ్ళు దేనికి పోసుకుంటే మనకేమమ్మా?"

"రెండుపూటలా?"

బావ ఇంకో ముద్ద చారులో అద్దుకున్నాడు. అత్త లేచి కొట్టంలోకి వెళ్ళి ఎర్రావు గంగడోలు నిమురుతూ చాలాసేపు నిలబడింది.

ఉగాది దాటినాక బోరు ఎత్తిపోయింది. ట్యాంకరు సగం నిండేలోపే పైపు దగ్గి గాలి కక్కింది. ఒకపూట ఆపి వేస్తే కాసిన్ని నీళ్ళు, మళ్ళీ గాలి. ట్యాంకరువాళ్ళు రెండుమూడుసార్లు వచ్చి చూసి వేరే బోరు వెతుక్కున్నారు. అప్పటికైనా మా బావకు బుద్ధి వస్తుందనుకున్నాను. రాలేదు. అరచేతిలో కొబ్బరికాయ అడ్డంగా పెట్టుకుని భూమిలో నీళ్ళు చూసే ఆయనను పిలిపించి, ఊరంతా తిప్పి, చివరికి దిన్నె ఎక్కించాడు. కాయ తోట నడిమధ్యన నిలబడిందట.

"ఇంకా లోతుకు పోతే గంగమ్మ ఉండాదంట" అన్నాడు ఇంటికొచ్చి. "రేపు బోరుబండి వస్తాది."

"తోటలోకా?" అన్నాను.

"ఎండిపోయిన తోటే కదమ్మా."

ఎండబెట్టిందెవరు? ఆ మాట నోటిదాకా వచ్చింది. అత్త నా చెయ్యి పట్టుకుని లోపలికి లాగింది. అప్పుడు ఆమె మీద కూడా నాకు కోపం వచ్చింది.

మర్నాడు మధ్యాహ్నం బోరుబండి వచ్చింది. ఆ వేసవిలో ఆ బండ్లకున్న గిరాకీ పెళ్ళికొడుకులకు కూడా లేదు. ఇనుప కడ్డీలు మోసుకుంటూ పెద్దలారీ, దాని వెనక ఇంకో లారీ, దిన్నె కింద ఆగాయి. డ్రైవరు దిగి చూసి, "సాళ్ళ మీదుగానే పోవల్ల, వేరే దారి లేదు" అన్నాడు. "పోనీ" అన్నాడు బావ.

నేను పరుగెత్తి పైకి పోయేసరికి అత్త ముందే అక్కడుంది. నడుముకు కొంగు బిగించి, పక్కన గంప పెట్టుకుని, మొదటి సాలు మొదట్లో వంగి మట్టలు కోస్తోంది. రోజూ సాయంత్రం కోసే మేతే. కాకపోతే ఆ రోజు పొద్దు నడినెత్తిన ఉండగానే మొదలుపెట్టింది.

"అమ్మా, పక్కకు రా" అన్నాడు బావ.

"మేత కోస్తా ఉండానప్పా. అయిపోనీ."

"బండి నిలబడుండాది!"

"నిలబడనీ. ఆవులు కూడా నిలబడే ఉండాయి."

ఒక మట్ట కోసింది. అటూ ఇటూ తిప్పి చూసింది, మట్టి తుడిచింది, గంపలో పెట్టింది. ఇంకో మొక్క దగ్గరికి జరిగింది. దాని చుట్టూ తిరిగింది, ఏది కొయ్యాలా అని చూస్తున్నట్టు. నాకు అర్థమైంది. నేనూ కొంగు బిగించి పక్క సాలులోకి దిగాను. ఇద్దరం అట్లా వంగి కోస్తూనే ఉన్నాం. డ్రైవరు హారను కొట్టాడు. అత్తకు చెవులు బాగానే వినిపిస్తాయి, ఆ రోజు వినిపించలేదు. బావ అరిచాడు, బతిమాలాడు, మళ్ళీ అరిచాడు. రోడ్డుమీద పోయేవాళ్ళు ఆగారు. ఒక దశలో ఆయన తల్లి భుజం మీద చెయ్యి వెయ్యబోయాడు. ఆమె తల ఎత్తి ఆ చెయ్యి వైపు చూసింది. కొడవలి ఊరికే పట్టుకుని ఉంది, ఎత్తలేదు. చెయ్యి వెనక్కి పోయింది.

డ్రైవరుకు ఫోను వచ్చింది. పక్క ఊళ్ళో ఎవరో బండికోసం కాచుకుని ఉన్నారట. "మీ ఇంటి పంచాయతీ తేల్చుకుని పిలవప్పా" అని బావతో చెప్పి, బండి తిప్పుకుని పోయాడు.

అప్పుడు అత్త నడుము పట్టుకుని లేచింది. "సాకు, చాలు. ఇయ్యాలకు మేత సరిపోయింది" అని గంప నా వైపు తోసింది.

ఇంట్లో బావ మండిపడ్డాడు. "ఈ ఇంట్లో నేనుండాల్నా, ఆ కళ్ళి ఉండాల్నా, చెప్పు!"

"కళ్ళి మేతిస్తాది" అంది అత్త కాళ్ళు కడుక్కుంటూ. "నువ్వేమిస్తా ఉండావో నువ్వే చెప్పు."

ఆ మాటతో ఇల్లు రెండైంది. బావ వేరు పొయ్యి పెట్టుకున్నాడు. సగభాగమని రెండు ఆవుల్ని తన వైపు కట్టుకున్నాడు. ఒక్కరోజు కూడా పేడ ఎత్తని మనిషికి రెండు ఆవులా అని నేను ఏడ్చాను. అత్త తన మంచం, పెట్టె మా వైపు మార్పించుకుంది. "దిన్నె నాది. అది నీకూ నాకూ" అని మాత్రం అంది. బోరు పెట్టెకు తాళం తీసేశారు. ట్యాంకరు రాని బోరుకు కాపలా దేనికి? పూటంతా ఆపి సాయంత్రం వేస్తే వేలంత ధార వచ్చేది. డ్రిప్పుకు అది చాలు. ఆ ఆదివారం వచ్చిన నా భర్త అన్న గురించి మంచీ చెడ్డా ఏమీ మాట్లాడలేదు. చొక్కా విప్పి, మూసుకుపోయిన డ్రిప్పు బొక్కలన్నీ పిన్నుతో ఒక్కొక్కటీ పొడుస్తూ పొద్దుకుంకేదాకా దిన్నెమీదే ఉన్నాడు. మట్టలు మెల్లగా ఒళ్ళు చేశాయి. మొదటి వాన పడేసరికి అంచుల్లో చిటికెన వేలంత కొత్త మట్టలు తొంగిచూశాయి.

ఆ వాన సరిపోలేదు. బావ కొన్న గడ్డి అయిపోయింది. ఎండు చొప్ప కూడా దొరకని రోజులు. ఆయన ఆవులు రెండూ మా కొట్టం వైపు తిరిగి అరిచేవి. ఒకరోజు ఆయనే దిన్నె కింద వచ్చి నిలబడ్డాడు.

"అమ్మా, ఆవులకు రెండు గంపల కళ్ళి..."

నేను కోసిస్తానని ఎదురుచూశాడేమో. నేను కదల్లేదు. అత్త కొడవలి ఆయన ముందు పెట్టింది.

"కోసుకో. కింది మట్ట ముట్టద్దు, పైది కొయ్యి. కోసినదానికి గంపకు గంప ఎరువు తెచ్చి మొదట్లో వెయ్యి. చెట్టు ఊరికే ఇయ్యదు."

కోసుకుపోయాడు. మర్నాడు పొద్దున, తెల్లపంచె ఎగగట్టి, నెత్తిమీద గంపతో ఎక్కాడు మా జయరామప్ప. ఊళ్ళో ఆయన నెత్తిమీద గంప ఎవరూ చూసి ఉండరు. వచ్చి దించాడు. ఆయాసపడుతూ తల్లి వైపు చూశాడు.

అత్త గంపలో వేలు పెట్టింది. వెచ్చగా ఉంది కాబోలు, వెంటనే తీసింది.

"ఇది పచ్చిపేడ. వేస్తే మొదలు కుళ్ళుతాది. ఎత్తుకుపో. మాగినాక తే."

ఆయన వంగి గంప పట్టుకున్నాడు. నిండుగంప ఒక్కడే నెత్తికెత్తుకోలేడు, రెండో మనిషి చెయ్యి వెయ్యాలి. నా వైపు చూశాడు. నేను ఎర్రావుకు కోసిన మట్టల మీద మట్టి తుడుస్తూ ఉండిపోయాను.

అత్త మోకాళ్ళ మీద చేతులు ఊని లేచింది. మూలుగుతూ వెళ్ళి, గంపకు ఒక చెయ్యి వేసింది.

నేను వెయ్యలేదు.